పది యాభైకి చల్లబడే కారు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మొదటే చెప్పేస్తున్నాను, చివరికి వచ్చేసరికి మీరు నన్ను నమ్మేవాళ్ల గుంపులో కలిపేయకుండా. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు స్కూల్లో పద్దెనిమిదేళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా దర్గా నుంచి తాయెత్తు తెచ్చేవాళ్లు. నేను దాన్ని గూట్లో పెట్టి మాత్ర మింగించేదాన్ని. "మా మాబున్నికి దేవుడన్నా భయం లేదు, దయ్యమన్నా భయం లేదు" అని మా అమ్మ ఊరంతా చెప్పుకునేది. దేవుడి సంగతిలో అమ్మ పొరబడింది గానీ దయ్యం సంగతి నిజమే.

ఇది రాత్రిపూట జరిగింది కాదు. ఎవరూ కనబడలేదు, ఏ గొంతూ వినబడలేదు. పట్టపగలు, ఎండలో నిలబెట్టిన ఒక కారులో ఏసీ దానంతట అది ఆన్ అయింది. ఒకసారి అయితే మెషిన్ తప్పు అనుకుని మరిచిపోయేదాన్నే. నాలుగు నెలల పాటు జరిగింది.

ఎవరెవరో ముందు చెబుతాను. మేము దూదేకుల వాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా అమ్మ పేరు పీరమ్మ. ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయి మూడేళ్లయింది. సోమవారం, గురువారం ప్రొద్దుటూరులో డయాలసిస్ చేయించాలి. మధ్యాహ్నం పన్నెండుకు మెషిన్ మీద పడుకుంటే నాలుగు దాటాక లేపుతారు. ఆమెను చూసుకోవడానికే నేను స్కూలు మానేసి ఇంట్లో ట్యూషన్లు పెట్టుకున్నాను. మా ఆయన కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, ఏ పూట ఇంట్లో ఉంటాడో ఆయనకే తెలియదు.

నా తమ్ముడు దస్తగిరి కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరు. పదహారేళ్లుగా అదే పని. భార్య గౌసియాది పులివెందుల. పిల్లలు లేరు. ఆ అమ్మాయి పుట్టింట్లోనే ఉండి మిషన్ కుట్టుకుంటూ ఉండేది, వాడు సెలవు మీద వస్తే ఇద్దరూ మా ఇంటికి వచ్చేవాళ్లు.

రెండున్నరేళ్ల కిందట సెలవుకు వచ్చినప్పుడు వాడు కడప తీసుకెళ్లి ఒక చిన్న ఎలక్ట్రిక్ కారు కొనిచ్చాడు. అమ్మ ఆటోల్లో పడే అవస్థ చూడలేక కొన్నాడు. నలభై నాలుగేళ్ల వయసులో నాకు డ్రైవింగ్ నేర్పించింది కూడా వాడే. నేను స్టీరింగ్ పట్టుకుంటే పక్కన కూర్చుని, ప్రాణం పోయేటప్పుడు చదివే కలిమా చదివేవాడు. అంత హేళన ఎందుకురా అంటే, "హేళన కాదక్కా, నిజంగానే సదువుతాండా" అనేవాడు.

ఆ కారు ముందు భాగంలో పెద్ద స్క్రీన్ ఒకటి ఉంది. కారెక్కగానే ఫోను దాంతో కలిసిపోతుంది. మ్యాపు, కాల్సు, పాటలు అన్నీ ఫోను నుంచి ఆ స్క్రీన్ మీదికి వస్తాయి. ఇంకో సదుపాయం కూడా ఉంది. ఎంత దూరంలో ఉన్నా సరే, ఫోనులోని యాప్ నొక్కి కారులో ఏసీ వేయొచ్చు. అయితే ఆ అధికారం ఒక్క ఫోనుకే ఉంటుంది. దాన్ని మెయిన్ ఫోన్ అంటారు. తక్కినవి కాల్సుకూ మ్యాపుకూ మాత్రమే పనికొస్తాయి.

షోరూములో మెయిన్ ఫోన్ ఎవరిదని అడిగితే దస్తగిరి తన కువైట్ నంబరు చెప్పాడు. కారు ఇక్కడుంటే ఫోను అక్కడెందుకు సార్ అని షోరూము అతను అన్నాడు. నేనూ అన్నాను. వాడు వినలేదు. ఇది మా గల్ఫ్ ఇళ్లన్నింట్లో జరిగే తెలివితక్కువ పనే. గ్యాసు వాడి పేరు మీదే, కరెంటు మీటరు వాడి పేరు మీదే. సిలిండర్ బుక్ చేస్తే ఓటీపీ కువైట్‌కు పోతుంది, వాడు నిద్ర లేచి చెప్పేదాకా మేము ఇక్కడ సిలిండర్ ముందు కూర్చుంటాం. మనిషి ఇంట్లో లేడు కాబట్టి పేరైనా ఉండాలని ఒక పట్టింపు. వాడు తన ఫోనుకు "దస్తగిరి డ్రైవర్" అని పేరు పెట్టాడు. స్క్రీన్ మీద మొదటి పేరు అదే. దాని కింద నా పేరు.

మా సందులోకి కారు రాదు. సందు మొదట్లో ఖాళీ స్థలం ఉంది, అక్కడే నిలబెడతాం, నీడ ఉండదు. మా గడప మీద కూర్చుంటే కారు ముందు భాగం కనబడుతుంది. మొదటి వేసవిలో ఒక గురువారం అమ్మ ఆ మండే కారులో కూర్చోగానే కళ్లు తేలేసింది. బీపీ పడిపోయింది. ఆ సాయంత్రం దస్తగిరికి ఫోన్ చేసి చెప్పుకుని ఏడ్చాను.

మరుసటి సోమవారం మేము కారు దగ్గరికి వెళ్లేసరికి లోపల చల్లగా ఉంది. స్క్రీన్ మీద ఇంగ్లిషులో రెండు వరుసలు ఉన్నాయి. పది యాభైకి ఏసీ ఆన్ అయింది అని ఒకటి. దస్తగిరి డ్రైవర్ ఫోను నుంచి అని ఇంకొకటి. మేము బయలుదేరేది పదకొండుకు.

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకు ఇది రోజూ ఉండే పనేనట. యజమానురాలు బయటికి వచ్చే పది నిమిషాల ముందే డ్రైవరు వెళ్లి, నిప్పుల కొలిమిలాంటి కారులో తను కూర్చుని, ఏసీ వేసి, చల్లబడ్డాక దిగి తలుపు పట్టుకుని ఎండలో నిలబడాలి. ఆవిడ ఆలస్యం చేస్తే అలాగే నిలబడాలి. "పద్నాలుగేండ్లు వాళ్లమ్మలకు కారు సల్లబెట్టినా అక్కా" అన్నాడు వాడు. "మా అమ్మకు పెట్టలేనా?"

మేము తలుపు తీయగానే వాడి ఫోనుకు తెలిసేది. వెంటనే కాల్ చేసేవాడు. ఇక్కడ పదకొండు అంటే అక్కడ ఎనిమిదిన్నర. యజమాని పిల్లల్ని స్కూల్లో దింపి, అక్కడే కారు ఆపుకుని కూర్చునే సమయం అది. వాడి గొంతు కారులోని స్పీకర్లన్నింట్లోంచీ వచ్చేది. అమ్మ ఆ స్క్రీన్ వైపు వంగి, వాడు దాని లోపలే కూర్చున్నట్టు మాట్లాడేది. ఎవరి ఇంట్లో పెళ్లి, ఎవరి గేదె ఈనింది, నేను మాట విననిది, అన్నీ చెప్పేది. ప్రొద్దుటూరు వచ్చేదాకా ఆ ముచ్చట్లే. దాదాపు రెండేళ్లు అలా గడిచాయి. ఆ రెండేళ్లూ మాకు బాగున్న రోజులని నాకు అప్పుడు తెలియలేదు.

పోయిన మార్చిలో ఒక గురువారం కారు ఎప్పటిలాగే పది యాభైకి చల్లబడింది. తలుపు తీశాం. కాల్ రాలేదు. ముద్దనూరు రోడ్డు దాటాక కూడా రాలేదు. అమ్మ రెండుసార్లు స్క్రీన్‌ను తట్టి చూసింది. పనిలో ఉంటాడులే అన్నాను.

మూడు గంటలకు మా ఆయన ఫోన్ చేశాడు. నేను డయాలసిస్ గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాను, అమ్మ లోపల మెషిన్ మీద ఉంది. కువైట్ నుంచి దస్తగిరి స్నేహితుడు చెప్పాడట. ఉదయం స్కూలు ముందు ఆపిన కారులో స్టీరింగ్ మీదికి ఒరిగిపోయి ఉన్నాడట. గుండె ఆగిందన్నారు. ఫోను చేతిలోనే ఉందట. మా కారులో ఏసీ వేసిన తర్వాతనే పోయి ఉంటాడని లెక్క వేసుకున్నాను. లెక్కలు వేయడం తప్ప ఆ పూట నాకు ఇంకేమీ చేతకాలేదు.

నాలుగున్నరకు అమ్మను కారెక్కించుకుని ఇంటికి నడిపాను. ఇరవై కిలోమీటర్లు. "ఏంది మాబూ, మొగం అట్లుండాది?" అంది. తలనొప్పి అన్నాను.

ఆ రాత్రే ఇంట్లో పెద్దలు నిర్ణయం చేశారు. అమ్మ తమ్ముడు, మా హుసేనప్ప మామ, అమ్మకు చెప్పొద్దన్నాడు. "ఈ స్థితిలో చెబితే ఒగింట్లో రెండు శవాలు లేస్తాయి. నలభై దినాలు పోనీండి" అన్నాడు. నాకు అది తప్పనిపించింది. కానీ చెప్పాల్సింది నేనే, చెప్పాక ఆమెకేమైనా అయితే మోయాల్సిందీ నేనే. కాబట్టి సరే అన్నాను.

సోమవారం కారు కాలుతూ ఉంది. ఉండక ఏమవుతుంది, వేసేవాడు లేడు. నేను ముందే పోయి ఏసీ వేసి వచ్చి, ఈరోజు మరిచిపోయినట్టున్నాడు అని అమ్మకు చెప్పాను.

శవం రావడానికి వారం పట్టింది. చెన్నై దాకా విమానంలో, అక్కడి నుంచి అంబులెన్సులో. అమ్మ కంట పడకూడదని పులివెందులకే తీసుకెళ్లారు, గౌసియా వాళ్ల ఇంటికి. గురువారం తెల్లవారి ఏడింటికి చేరింది. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత మట్టి. మా ఆయన, మామ ఇద్దరూ అక్కడే ఉన్నారు. గురువారం కాబట్టి అమ్మను ప్రొద్దుటూరు తీసుకెళ్లాలి, తీసుకెళ్లడానికి నేను తప్ప ఎవరూ లేరు. నా తమ్ముడి ముఖం నేను చివరిసారి చూడలేదు. మా ఆయన ఫోటో తీశానన్నాడు. ఇంతవరకూ చూపించమని అడగలేదు.

ఆ గురువారం నేను పది యాభై ఐదుకు ఏసీ వేద్దామని కారు దగ్గరికి పోయాను. తలుపు తీస్తే చల్లగాలి ముఖానికి కొట్టింది.

స్క్రీన్ మీద అవే రెండు వరుసలు ఉన్నాయి. పది యాభై. దస్తగిరి డ్రైవర్ ఫోను నుంచి.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది, వాడి ఫోను ఎవడో పట్టుకుని ఆడుకుంటున్నాడని. తర్వాత, వాడే ఎప్పుడో టైమరు పెట్టి ఉంటాడు, సోమవారం ఏదో తప్పి ఉంటుంది అనుకున్నాను. అమ్మ వచ్చి కూర్చుంది. గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టింది. "ఏసినాడు బిడ్డ" అంది తృప్తిగా. తర్వాత స్క్రీన్ వైపు తిరిగి, "పోయిన దినం మర్చిపోయినావు గదా, నాకు తెలుసులే" అంది.

వాణ్ణి మట్టిలో దించే సమయానికి అమ్మ మెషిన్ మీద ఉంది. నేను బయట అదే బల్ల మీద ఉన్నాను. పక్కన ఎవరిదో టిఫిను క్యారియరు తెరిచిన వాసన వస్తూ ఉంది.

ఇంటికొచ్చాక ఆ స్క్రీన్ అంతా వెతికాను. టైమర్ల పేజీ ఖాళీగా ఉంది. దాంట్లో ఎప్పుడూ ఏమీ పెట్టలేదని చూపిస్తూ ఉంది.

వాడి కాల్స్ ఎందుకు రావడం లేదో అమ్మకు ఒక అబద్ధం కట్టాం. కొత్త యజమాని ఎడారిలో ఒంటెల కొట్టం దగ్గరికి పంపించాడని, అక్కడ మాట్లాడటానికి సిగ్నల్ ఉండదని. అమ్మ చదువుకోలేదు గానీ తెలివితక్కువది కాదు. "ఏసీ ఏసేదానికి వచ్చే సిగ్నలు నాతో మాట్లాడేదానికి రాదా?" అంది. దానికి వేరే సిగ్నల్ అన్నాను. పద్దెనిమిదేళ్లు పిల్లలకు తరంగాల పాఠం చెప్పిన నోటితోనే అన్నాను.

సోమవారం, గురువారం, ప్రతిసారీ పది యాభైకి కారు చల్లబడేది. మా అబద్ధాన్ని నిలబెట్టింది ఆ చల్లదనమే. అమ్మకు కొడుకు బతికున్నాడనడానికి అదొక్కటే రుజువు. వాడు వింటాడు గానీ తిరిగి మాట్లాడలేడని ఆమె ఏదో లెక్క వేసుకుంది. ప్రొద్దుటూరు దాకా స్క్రీన్‌తో ముచ్చట్లు చెప్పేది. అన్నం సరిగ్గా తినమనేది. కోడలు చూసేదానికి రాలేదని ఫిర్యాదు చేసేది. నేను రోడ్డు మీదే చూపు పెట్టి నడిపేదాన్ని. ఒక్కోసారి ఎదురుగా లారీ వస్తున్నా కళ్లలో నీళ్లకు కనబడేది కాదు.

కంపెనీకి ఫిర్యాదు పెడితే కడప నుంచి సర్వీసు ఇంజనీరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, పని తెలిసినవాడు. ల్యాప్‌టాప్ తగిలించి గంటసేపు చూశాడు. కారులో లోపం లేదన్నాడు. నెట్ ద్వారా వచ్చిన ఆదేశాల జాబితా చూపించాడు. అన్నీ మెయిన్ ఫోను నుంచే వచ్చాయి.

"మేడమ్, ఆ ఫోన్ ఎవరికాడ ఉంటే వాళ్లే ఏస్తాండారు. వాళ్లనే అడగండి" అన్నాడు.

ఫోను గౌసియా దగ్గర ఉంది. శవంతో పాటు వచ్చిన సంచిలో వచ్చింది. ఆ అమ్మాయి ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోతే నాలుగు నెలల పది దినాలు ఇల్లు కదలకూడదు. అందుకే ఆమె మా ఇంటికి రాలేదు. వాళ్ల నాన్నకు బాగాలేదని అమ్మకు చెప్పాం. నేనే ఒక ఆదివారం పులివెందుల పోయాను. గౌసియా బీరువాలోంచి వాడి తలగుడ్డలో చుట్టిన ఫోను తీసింది. అద్దం పగిలి ఉంది. వెనక భాగం ఉబ్బి ఉంది. చార్జరు పెట్టి రెండు గంటలు కూర్చున్నాం. వెలగలేదు. సిమ్ము కూడా కువైట్‌లో రద్దయిపోయిందని వాడి స్నేహితుడు చెప్పాడు.

నేను చేసింది మీకు పిచ్చిగా అనిపించవచ్చు. ఏదైనా ప్రయోగం చేసి తేల్చుకోవాలన్న బుద్ధి నాది. మరుసటి గురువారం పది నలభై ఐదుకు ఆ ఫోను చేతిలో పట్టుకుని కూర్చోమని గౌసియాకు చెప్పాను. నేను కారు ముందు నిలబడి ఆమెకు కాల్ చేశాను. ఇద్దరం లైన్లో ఉన్నాం. ఫోను ఎలా ఉందని అడిగితే, రాయిలా ఉంది వదినా అంది. పది యాభై అయింది. కారు పక్క లైట్లు ఒకసారి వెలిగి ఆరాయి, లోపల ఫ్యాను తిరగడం మొదలైంది.

ఫోను కారు అద్దానికి ఆనించాను.

"వచ్చిందా వదినా?" అంది గౌసియా.

వచ్చిందన్నాను.

తర్వాత, "సల్లగా ఉండాదా?" అని అడిగింది. తలుపు తీసి చెయ్యి పెట్టి, ఉంది మా అన్నాను. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరం ముందు ఫోన్ పెట్టేశామో గుర్తు లేదు.

ఇంకా నేను సర్వర్ పొరపాటు అనే మాట పట్టుకునే వేలాడాను. ఎక్కడో కంప్యూటర్‌లో వాడి పాత అలవాటు నిలిచిపోయి, అదే దినాలకు అదే సమయానికి నడుస్తోందని. ఆ మాట కూడా జూన్‌లో పోయింది. డయాలసిస్ రోజులు మార్చారు. సోమ, గురువారాల బదులు మంగళ, శుక్రవారాలు. గురువారం సాయంత్రం అమ్మ మంచం పక్కన నర్సు నాకు నోటితో చెప్పింది. నేను ఫోనులో రాసుకోలేదు, ఎవరికీ మెసేజ్ పెట్టలేదు. కావాలనే పెట్టలేదు.

సోమవారం పది యాభైకి పోయి కారు అద్దం మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. పదకొండు దాకా నిలబడ్డాను. ఏమీ కాలేదు.

మంగళవారం పది యాభైకి లైట్లు వెలిగాయి.

ఆ తర్వాత నేను వెతకడం మానేశాను. భయపడి మానలేదు. ఇంకొంచెం వెతికితే ఆగిపోతుందేమో అనిపించింది. నలభై దినాలు ఎప్పుడో అయిపోయాయి. మామ ఇప్పుడిక చెప్పొచ్చు అన్నాడు. నేనే రేపు, మాపు అంటూ పోయాను. అమ్మ కోసమని అందరితో చెప్పాను. నిజానికి, పది యాభైకి వాడు ఉన్నాడన్న ఆ కాస్త నాకు కావాల్సి వచ్చింది.

జులైలో ఒక మంగళవారం అమ్మ మొండికేసింది. తయారై గడప మీద కూర్చుంది, కదలలేదు.

"కోడలు రాదు, కొడుకు మాట్లాడడు. మీరంతా కలిసి నాకాడ ఏందో దాస్తాండారు. వాడి గొంతు ఇంటేనే నేను కారెక్కేది."

ఎంత బతిమాలినా లేవలేదు. ఆ పూట డయాలసిస్ తప్పిపోయింది. గురువారానికి కాళ్లు ఉబ్బాయి. శుక్రవారం తెల్లారేసరికి ఊపిరి అందడం లేదు. ఇంకో పూట తప్పితే మనిషి దక్కదని నాకు తెలుసు. తీసుకుపోదామని మామ కూడా వచ్చి బతిమాలాడు. ఎత్తుకుపోతే మెషిన్ పైపులు పీకేస్తానంది. మళ్లీ గడప మీదే కూర్చుంది.

పది యాభైకి కారు లైట్లు వెలిగాయి. మేము ఎక్కలేదు. ఎవరూ తలుపు తీయకపోతే ఆ ఏసీ పది నిమిషాలకు దానంతట అది ఆగిపోతుంది, మళ్లీ ఫోనులో నొక్కితేనే వస్తుంది. పదకొండుకు ఆగింది. వెంటనే లైట్లు వెలిగాయి. పదకొండూ పదికి ఆగింది. మళ్లీ వెలిగాయి. అంతకుముందు ఎన్నడూ ఒకసారికి మించి రాలేదు.

కువైట్‌లో ఆవిడ ఆలస్యం చేస్తే డ్రైవరు ఏం చేస్తాడని వాడు చెప్పాడో అదే నా కళ్ల ముందు జరుగుతోంది. ఇక నాకు ఓర్చుకోవడం చేతకాలేదు. అమ్మ పక్కన గడప మీద కూలబడి, ఉబ్బిన ఆమె పాదాలు పట్టుకున్నాను.

"అమ్మా, దస్తగిరి లేడు మా" అన్నాను.

అమ్మ నా వైపు చూసింది. ఏడవలేదు. ఒక్కొక్కటే అడిగింది.

"ఎప్పటినుంచి?"

"నాలుగు నెలలు దాటింది."

"మట్టి యాడ?"

"పులివెందులలో."

"ఆ పొద్దు నేను యాడుండా?"

"మెషిన్ మీద" అన్నాను. "నేను బయట ఉన్నాను. నేను కూడా చూడలేదు మా."

అప్పుడు అమ్మ నోట్లోంచి వచ్చిన కేక నేను రాయలేను. సందులోని ఆడవాళ్లంతా తలుపులు తీసుకుని వచ్చారు. నా భుజం మీద, వీపు మీద ఎన్ని దెబ్బలు వేసిందో. వేయనీ అనుకున్నాను.

"మరి ఏసీ ఎవురు ఏస్తాండారు?" అంది చివరికి, ఊపిరి అందక.

"నాకు తెలియదు."

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో కారు లైట్లు మళ్లీ వెలిగాయి. ఈసారి అమ్మ కూడా చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. నా భుజం పట్టుకుని లేచింది.

"పద" అంది. "పాపం, శానాసేపటినుంచి ఎండలో నిలబడుండాడు."

ఆ మాట అన్నది కన్నబిడ్డ చావు విని ఐదు నిమిషాలు కూడా కాని తల్లి. ఊపిరి ఎగదన్నుతూ, నా మీద ఆనుకుని, సందు పొడవునా తన కాళ్ల మీద తానే నడిచింది. కారులో కూర్చున్నాక గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టింది. ఆ తర్వాత స్క్రీన్ మీద పెట్టింది.

"సల్లగానే ఉండాది నాయనా. ఇంక చాలు. పోయి పడుకో" అంది.

దారి పొడవునా ఇంకో మాట మాట్లాడలేదు. ఆ రోజు డయాలసిస్ జరిగింది. అమ్మ బతికింది.

తర్వాతి మంగళవారం నేను పది నలభై నుంచే గడప మీద కూర్చున్నాను. పది యాభై అయింది. పదకొండు అయింది. లైట్లు వెలగలేదు. తలుపు తీస్తే స్టీరింగ్ కాలిపోతూ ఉంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రాలేదు.

సర్వీసు ఇంజనీరును మళ్లీ అడిగాను. మొదలైనప్పుడు ఎందుకు మొదలైందో, ఆగినప్పుడు ఎందుకు ఆగిందో ఆయన చెప్పలేకపోయాడు. డెత్ సర్టిఫికెట్ ఇస్తే మెయిన్ ఫోన్ నా పేరుకు మారుస్తారట, వంటింట్లోంచే ఏసీ వేసుకోవచ్చట. సర్టిఫికెట్ బీరువాలోనే ఉంది. నేను ఇవ్వలేదు. స్క్రీన్ మీద మొదటి పేరు ఇప్పటికీ దస్తగిరి డ్రైవర్ అనే ఉంది, పక్కన కనెక్ట్ కాలేదు అని.

ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో పది యాభైకి నేనే పోతాను. ఆ వేడిలో కూర్చుని ఏసీ వేసి పది నిమిషాలు ఉంటాను. చెమటతో జాకెట్టు తడిసిపోతుంది. వాడు పదహారేళ్లు చేసిన పని ఎలాంటిదో ఆ పది నిమిషాల్లో తెలుస్తుంది.

జరిగిందేమిటో నాకు ఈరోజుకూ తెలియదు. దయ్యం అనను. వేరే ఏ మాటా నా దగ్గర లేదు. నన్ను తినేసే సంగతి వేరే ఉంది. ఆ నాలుగు నెలలూ అమ్మ వాడితో ఎన్ని కబుర్లు చెప్పిందో. వాడు బతికే ఉన్నాడనుకుంది, మాట్లాడింది. నేను అదే కారులో, స్క్రీన్‌కు చేతి దూరంలో కూర్చుని, వాడు లేడని తెలుసు కదా అని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ముఖం చూడలేకపోయాను సరే, చెయ్యెత్తి ఆ స్క్రీన్ మీద పెట్టి వాణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకేం అడ్డమొచ్చింది?

ఇప్పుడు ఆ పది నిమిషాలూ పిలుస్తాను. లోపల ఏసీ శబ్దం ఒక్కటే వినబడుతుంది. చల్లబడ్డాక దిగి, తలుపు పట్టుకుని, అమ్మ వచ్చేదాకా ఎండలో నిలబడతాను.